నాలుగో ఫారం

కౌలాలంపూర్,
సెప్టెంబరు 15

మాస్టారికి,

మొన్న కౌలా సెలంగోర్‌లో తెలుగు సంఘం వాళ్ల వినాయక చవితికి మీ పక్కన కూర్చుని పులిహోర తిన్న అమ్మాయిని. విజయనగరం మనీషని. అరగంటసేపు మీరు నాకు హాకీ పాఠం చెప్పాక, నేను హాకీ క్లబ్బులోనే పని చేస్తున్నానని బయటపెట్టాను. మీరు నవ్వలేదు. “ఆ మాట ముందే సెప్పాల గదా” అని మొహం అటు తిప్పుకున్నారు. ఇంకా కోపంగానే ఉన్నారా?

నా పని చెప్పాను కదా. మ్యాచ్‌ల వీడియోలు చూసి, ఎవరు ఎన్నిసార్లు బంతి లాక్కున్నారు, ఎన్నిసార్లు పోగొట్టుకున్నారు అని లెక్కకట్టి కోచ్‌కి ఇవ్వడం. డిసెంబరు పద్నాలుగున లీగు డ్రాఫ్టు ఉంది. ఆరు క్లబ్బులు వంతులవారీగా ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్లను ఎంచుకుంటాయి. నాలుగు రౌండ్లు. ఈసారి మా వాళ్లకు డిఫెండర్లు కావాలి. మీ సుంగై సుమున్, హుటాన్ మెలింటాంగ్ వైపు మా క్లబ్బు నుంచి ఎవరూ రారు. దూరమని, అక్కడ టర్ఫ్ లేదు, మామూలు గడ్డి మీద ఆడతారని సాకులు చెబుతారు. మీరేమో నలభై ఏళ్లుగా అక్కడ వెనక వరస ఆటగాళ్లను తయారుచేస్తున్నారు. మీకు తెలిసిన ముగ్గురి పేర్లు రాసి పంపండి.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటారా? పోయినేడాది ఒక పెద్దాయన వాట్సాప్‌లో పంపిన పేర్లు గంట తిరక్కుండా రెండు క్లబ్బులకు చేరాయి. కాగితం మీద తెలుగులో రాస్తే మా ఆఫీసులో నేను తప్ప చదివే దిక్కు లేదు. అంతకంటే భద్రం ఏముంటుంది.

ఫారాలు నాలుగు పెట్టాను. ముగ్గురికి మూడు, ఒకటి పాడైతే వాడుకోవడానికి నాలుగోది. తొమ్మిది గడులున్నాయి. ‘ఆటగాడితో మీ సంబంధం’ అన్న చివరి గడి తప్పకుండా నింపాలని మా కోచ్ పట్టుబడతాడు.

మీ పాఠం నేను మర్చిపోలేదు.

మనీష


సుంగై సుమున్,
సెప్టెంబరు 24

అమ్మా మనీషా,

కోపం లేదు. హాకీ క్లబ్బు మనిషికి హాకీ చెప్పానని సిగ్గేసింది, అంతే.

తెలుగు రాసి చాలా ఏళ్లయింది. ఎస్టేటు తోటలో తెలుగు బడి ఉన్న రోజుల్లో మా పంతులుగారు కొట్టి నేర్పిన తెలుగు ఇది. నోటితో మాట్లాడేది వేరు, నువ్వు విన్నావుగా. మా అమ్మాయి మాట్లాడుతుంది, చదవలేదు. దాని పిల్లలూ మాట్లాడతారు, అంతవరకే. నీ ఉత్తరం రెండు రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను.

నీ ఫారం చూస్తే మాత్రం ఒళ్లు మండింది. ‘వేగం, పదికి ఎన్ని?’ అట. సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు. మార్కులు వేయడు. నేను గోలు వెనక మడతకుర్చీ వేసుకుని కూర్చుంటాను. బంతి అవతలి చివరికి పోయినప్పుడు జనమంతా అటు చూస్తారు. అప్పుడు నేను ఇవతల మిగిలినవాడి పాదాలు చూస్తాను. బంతి ఎనభై గజాల దూరంలో ఉన్నప్పుడు ఆ కాళ్లు కబుర్లాడుతున్నాయా, పని చేస్తున్నాయా? అది తెలిస్తే మిగతాదంతా తెలుస్తుంది. నీ వీడియోలో ఆ కాళ్లు ఉండవు. కెమెరా బంతి వెనకాల పోతుంది.

సరే, పేర్లు. మొదటివాడు జయకుమార్, హుటాన్ మెలింటాంగ్. తండ్రి పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. మంచి వేగం. బంతి కనిపిస్తే మీద పడతాడు, పదిసార్లు పడితే ఏడుసార్లు తెస్తాడు. ఎడమవైపు దొంగ అడుగు వేస్తే మాత్రం మోసపోతాడు. నోటి దురుసు. రెండేళ్లు ఎవరైనా చెవి పట్టుకుని నడిపిస్తే దేశానికి ఆడతాడని నా నమ్మకం. వాడి గురించి ఫారం వెనక కూడా రాశాను, తిప్పి చూడు.

రెండోవాడు అజ్లాన్. ఎత్తుగా ఉంటాడు, మణికట్టు గట్టిది. వెనక నుంచి అరవై గజాల పాస్ గీత గీసినట్టు పంపుతాడు. లోపం ఏమిటంటే సగం ఆట అయ్యాక నిద్రపోతాడు. తిట్టేవాడు పక్కన ఉండాలి. కబురు పెడితే తిట్టడానికి నేనే వస్తాను.

మూడోవాడు తనేశ్, వేలు కొడుకు. పంతొమ్మిది నిండాయి. ఈ డ్రాఫ్టు తప్పితే వయసు దాటిపోతుంది. ఒంటికి బంతి తగులుతుందని వెనక్కి తగ్గడు.

సంబంధం గడి అంటావా, ఇక్కడ పిల్లలందరూ నన్ను తాతా అనే పిలుస్తారు. ఆ గడిలో ఏమని రాయను? మూడింటిలోనూ ఖాళీగా వదిలేశాను. మీ కోచ్ అడిగితే ముసలాడికి కళ్లు కనపడలేదని చెప్పు.

సింహాచలం


కౌలాలంపూర్,
అక్టోబరు 6

మాస్టారికి,

మీ ఉత్తరాన్ని మా ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చుని చదువుకుని నవ్వుకున్నాను. పక్క సీటు షర్మిల “ఏంటది, ప్రేమలేఖా?” అంది. దాదాపు అంతే అన్నాను.

ఇక పని మాట. ఈపో టర్ఫ్ మీద జరిగిన జిల్లాల పోటీ వీడియోలు తెప్పించాను. జయకుమార్, తనేశ్ ఒకే జట్టుకు ఆడారు కాబట్టి ఇద్దరినీ ఒకేసారి చూశాను. ఆరు మ్యాచ్‌లు. జయకుమార్ మ్యాచ్‌కి తొమ్మిదిసార్లు బంతి లాక్కున్నాడు. ఇంకో జట్టులో అజ్లాన్ ఏడు. తనేశ్ రెండు. ఒక మ్యాచ్‌లో అయితే సున్నా. ఆ అంకె కోచ్‌కి చూపిస్తే, “వీడు ఆడటానికి వచ్చాడా, గాలి పీల్చుకోవడానికి వచ్చాడా?” అన్నాడు.

మాస్టారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఆ ఇద్దరికీ ఫారం వెనక కూడా రాశారు. తనేశ్‌కి ఒకే ఒక్క వాక్యం. ఎవరో అడిగితే మొహమాటానికి పెట్టిన పేరా? అలా అయితే చెప్పండి, మారు మాట లేకుండా తీసేస్తాను. లేదా ఆ కుర్రాడిలో నాకు కనపడనిది మీకేమైనా కనపడుతోందా? అదైనా చెప్పండి. మీరు నాలుగు మాటలు రాస్తే కోచ్ ముందు పెట్టి వాదించగలను. ఈ ఏడు దాటితే అతనికి ఇంకో డ్రాఫ్టు లేదని మీరే రాశారు.

మనీష


సుంగై సుమున్,
అక్టోబరు 14

అమ్మా మనీషా,

మొహమాటం నా ఒంట్లో లేదు. ఉంటే ఈపాటికి జిల్లా సంఘంలో ఏదో ఒక కుర్చీలో ఉండేవాణ్ణి. పేరు తీసెయ్యొద్దు.

ఇక్కడ నాలుగు వరసలు రాసి కొట్టేశాను. చూసి కంగారు పడకు. అవసరం లేదనిపించింది.

వాడి గురించి ఇంకొక్క సంగతి కావాలంటే చెబుతాను. మార్చిలో తెలుక్ ఇంటాన్ వాళ్లతో ఫైనలు. ఆఖరి నిమిషంలో వాళ్లకు పెనాల్టీ కార్నర్ వచ్చింది. నీకు తెలియనిది కాదు. బంతిని ఈడ్చి విసిరేవాడు ఎదురుగా ఉంటే, గోలు గీత దగ్గర నుంచి ఒకడు సూటిగా వాడి మీదకు పరుగెత్తాలి. ఫస్ట్ రన్నర్ అంటారు. బంతిని ఆపేది కర్రతో కాదు, ఒంటితోనే. మా జట్టు కోచ్ ఎవరు పోతారని అడిగితే అందరూ బూట్ల తాళ్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. తనేశ్ మాస్కు తగిలించుకున్నాడు. బంతి తొడ మీద తగిలింది. ఆ చప్పుడు గోలు వెనక కూర్చున్న నాకు వినిపించింది. వాడు కుంటలేదు. తడుముకోలేదు. బంతి ఎటు పోయిందో చూసి దాని వెనకే పోయాడు. మేం గెలిచాం.

నిన్న మైదానంలో గీతలకు సున్నం వేస్తుంటే వాడే వచ్చి అడిగాడు.

“నా గురించి ఏటి రాసినావు తాతా?”

“రాయాల్సింది రాసినాను.”

“జయకుమార్‌కి శానా రాసినావంట. ఆడే సెప్పినాడు.”

“ఆడికి తప్పులెక్కువ. అందుకే శానా రాసినాను. నువ్వు ఆ సున్నం డబ్బా ఇలా అందుకో.”

అందించాడు. మళ్లీ అడగలేదు.

ధైర్యం అన్న గడికి పదికి పది వేసుకో. అంతకంటే నా చేత రాయించకు తల్లీ.

సింహాచలం


కౌలాలంపూర్,
డిసెంబరు 16

మాస్టారికి,

ముందు శుభవార్త. మీ ముగ్గురికీ చోటు దొరికింది. అజ్లాన్ మొదటి రౌండులోనే పోయాడు. జయకుమార్‌ని రెండో రౌండులో పెనాంగ్ వాళ్లు పట్టుకుపోయారు, మా కోచ్ ఇంకా పళ్లు కొరుకుతున్నాడు. తనేశ్ నాలుగో రౌండు, చిట్టచివరి పేరు. మా క్లబ్బే తీసుకుంది.

నిజం చెప్పాలంటే నాలుగో రౌండు వచ్చేసరికి కోచ్ ఫైలు మూసేశాడు. మీ రెండో ఉత్తరం నా సంచిలో ఉంది. ఆ ఫైనలు సంగతి, తొడ మీద బంతి తగిలినా కుంటలేదన్నది, అక్కడికక్కడే మలయ్‌లోకి మార్చి చదివి వినిపించాను. కోచ్ ఆ మాట రెండుసార్లు చదివించుకున్నాడు. వెంటనే పేరు రాసేసుకున్నాడు. అంటే తనేశ్‌ని తెచ్చింది నా లెక్కలు కాదు, మీ మాట.

జనవరి రెండు నుంచి క్యాంపు. ఉండటానికి గది క్లబ్బే ఇస్తుంది. తల్లిదండ్రులకు చెప్పండి.

మనీష


సుంగై సుమున్,
డిసెంబరు 24

తల్లీ మనీషా,

ఆ తల్లిదండ్రులకు చెప్పాను. తల్లి పేరు మాలిని. నా కూతురు.

ఇంక దాచాల్సిన పని లేదు కాబట్టి రాస్తున్నాను. పిల్లలందరూ నన్ను తాతా అంటారని రాశాను కదా. అందులో ఒకడు నిజంగానే అంటున్నాడు. మా అల్లుడు వేలు హుటాన్ మెలింటాంగ్‌లో చేపల పడవ మీద పని చేస్తాడు. తమిళులు. అందుకే పేరు చూసి నువ్వు పోల్చుకోలేకపోయావు. పోల్చుకోకూడదనే నేనూ కోరుకున్నాను.

ఎందుకంటే, ముప్పై ఏళ్ల కిందట నేను జిల్లా జట్టు ఎంపికలో ఉన్నాను. మా అక్క కొడుకును తీసుకున్నాను. బాగా ఆడేవాడు కాబట్టే తీసుకున్నాను. మర్నాడు టీ కొట్లో నాగప్పన్ అందరూ వినేటట్టు, “సింహాచలం జెర్సీలు ఇంటికాడే కుట్టిస్తన్నాడు లా” అన్నాడు. అందరూ నవ్వారు. మా మేనల్లుడు ఆ ఏడాదే కర్ర అవతల పారేశాడు. ఆ రోజు నుంచి మా వాళ్ల గురించి నా నోటితో చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను.

అసలు ఒట్టు కూడా అక్కర్లేదు. మా ఇంట్లో సొంత బిడ్డను పొగిడే అలవాటే లేదు. మా అమ్మ ఉన్నప్పుడు బిడ్డ బొద్దుగా ఉంటే “ఏటి, ఇలా సిక్కిపోయినాడు” అనాలి. బాగున్నాడన్నామా, నోటి మీద కొట్టేది. మన దిష్టే మన బిడ్డకు ముందు తగులుతుందనేది. తనేశ్ ఆరేళ్ల వయసు నుంచి నా దగ్గర ఆడుతున్నాడు. బాగా ఆడావని ఒక్కసారి కూడా అనలేదు. వాడికీ అలవాటైపోయింది.

మొన్న పేరు వచ్చిందని తెలియగానే మాలిని ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు, శానా దిష్టి ఉన్నాదని భయపడింది. మిరపకాయలు నిరుటివి, పోనీలే అన్నాను.

వాడిని ఏ స్థానంలో ఆడిస్తున్నారో రాయి. కుడి వెనక అయితే మంచిది. ఇంతకు మించి నేను చెప్పకూడదు.

సింహాచలం


కౌలాలంపూర్,
జనవరి 12

మాస్టారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అతను మీ మనవడని తెలిసి ఏం రాయాలో తోచలేదు. అందుకే ఆలస్యం.

స్థానం సంగతి కోచ్ ఇష్టం. లీగు ఇంకా మొదలు కాలేదు. తనేశ్ బాగా కష్టపడుతున్నాడు, ఎవరితోనూ గొడవ లేదు. క్యాంపులో అందరికీ నచ్చాడు.

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. తర్వాత వివరంగా రాస్తాను.

మనీష


సుంగై సుమున్,
ఫిబ్రవరి 3

మనీషా,

వివరంగా రాస్తానన్నావు. మూడు వారాలైంది.

చైనీస్ న్యూ ఇయర్ సెలవులకు వాడు ఇంటికి వచ్చాడు. స్నానం చేసి కైలీ లుంగీ కట్టుకుని వస్తుంటే చూశాను. రెండు తొడలు, పిక్కలు, ఒకవైపు పక్కటెముకలు. కొన్ని నల్లగా, కొన్ని పసుపు పచ్చగా, కొన్ని నిన్నటివి. నన్ను చూసి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

“ఏటిది?”

“తక్ అపా తాతా, ఏటీ కాదు. కార్నర్ ప్రాక్టీసు. నేనే ఫస్ట్ రన్నర్.”

“రోజుకి ఎన్ని?”

“ముప్పై. ఒక్కోపాలి నలభై. కార్నర్లు ఇసిరేదానికి కొత్తగా తెల్లదొర ఒకడు వచ్చినాడు గదా, ఆడికి ప్రాక్టీసు కావాల.”

“మ్యాచుల్లో ఎక్కడ ఆడిస్తన్నారు?”

“మ్యాచుల్లో ఇంకా దించలేదు లా.”

“మరి అంతమంది ఉంటే నువ్వే ఎందుకురా?”

అప్పుడు వాడి మొహం చూడాల్సింది. సిగ్గుపడ్డాడు. “కోచ్ సెప్పినాడు తాతా. ఈడికి భయం లేదని మీ ఊరి మాస్టరు రాసినాడు, అందుకే ఈ పని నీకు ఇస్తన్నాం అన్నాడు. నువ్వు నా గురించి మంచి మాట సెప్పినావని నాకు అప్పుడే తెలిసినాది.”

నేను లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. 

ఇప్పుడు నువ్వు చెప్పు. మీరు తీసుకున్నది డిఫెండర్‌నా? బంతులు తగలడానికి నిలబెట్టే గోడనా? డ్రాఫ్టు రోజున నీకు తెలుసా తెలియదా? నేను బస్సెక్కి వచ్చి మీ కోచ్‌తో మాట్లాడగలను. కానీ తాత వచ్చి మనవడి కోసం బతిమాలాడనే పేరు వాడికి వస్తుంది. అది పడదు. వాడి గురించి రాయాల్సింది ఇంకా ఉంది. కాగితం తీశాను, పెట్టేశాను. ముందు నీ జవాబు రానీ.

సింహాచలం


కౌలాలంపూర్,
ఫిబ్రవరి 23

మాస్టారికి,

జవాబు రాయడానికి రెండు వారాలు ఆలస్యం చేశాను. ఇక ఆ జవాబుతో పని లేదు. మాలిని గారు ఆసుపత్రి నుంచి మీకు అన్నీ ఫోన్‌లో చెప్పి ఉంటారు. అయినా నేను చూసింది నేను చెప్పాలి.

పంతొమ్మిదో తేదీ, బుధవారం, సాయంత్రం ప్రాక్టీసు. అది ముప్పై మూడోది. నేను కెమెరా దగ్గర ఉన్నాను కాబట్టి అంకె తెలుసు. తనేశ్ ఎప్పటిలాగే సూటిగా పరుగెత్తాడు. బంతి మోకాలికి పక్కనుంచి తగిలింది. అక్కడ ప్యాడ్ ఉండదు. మోకాలి చిప్ప మూడు ముక్కలైంది. పడిపోయాక కూడా బంతి ఎటు పోయిందో చూశాడు. డాక్టరు నడుస్తాడన్నాడు. పరుగు సంగతి అడిగితే ఎక్స్‌రే మళ్లీ కవరులో పెట్టేశాడు.

మీరడిగారు, డ్రాఫ్టు రోజున నాకు తెలుసా అని. తెలుసు. నేను మీ వాక్యం చదవగానే కోచ్ అన్న మాట ఇది: “మంచిది, ప్రాక్టీసుకి ఒకడు దొరికాడు.” అది మీకు రాయలేదు. నా వర్క్ పర్మిట్ మార్చిలో రెన్యువల్, సంతకం పెట్టేది ఆ కోచే. అందుకని నోరు మూసుకున్నాను. అతను మీ మనవడని తెలిశాక కూడా మూసుకునే ఉన్నాను. నన్ను మీరు ఏమన్నా పడతాను.

కానీ మాస్టారూ, ఒక్కటి అడగకుండా ఉండలేను. అక్టోబరు ఆరున నేను అడిగాను. నాకు కనపడనిది మీకు కనపడుతోందా, నాలుగు మాటలు రాయండి, వాదిస్తాను అని. మీరు నాలుగు వరసలు రాసి కొట్టేశారు. ఆ కాగితాన్ని దీపానికి అడ్డం పెట్టి చూశాను. అక్షరం కనపడకుండా కొట్టేశారు. నా చేతిలో మిగిలింది ఒక్క ధైర్యం. ఆటగాడి గురించి ధైర్యం ఒక్కటే రాసిస్తే క్లబ్బులు వాడిని దేనికి వాడతాయో మీకు తెలియదా? నలభై ఏళ్లు ఆ మైదానంలో ఉన్న మనిషికి?

ఆ నాలుగు వరసల్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

మనీష


సుంగై సుమున్,
మార్చి 16

మనీష గారికి,

తనేశ్ ఇంటికి వచ్చాడు. ముందు గదిలో మంచం వేశాం. కాలు కింద రెండు దిండ్లు. జయకుమార్ పెనాంగ్ నుంచి వచ్చి చూసిపోయాడు. ఆ నోటి దురుసు పిల్లాడు వీడి బూట్లు తుడిచి మంచం కింద పెట్టి వెళ్లాడు.

మీరు అడిగింది న్యాయమే. తెలుసు. నాకు తెలిసినంత మీ కోచ్‌కి కూడా తెలియదు. ఊళ్లో నలుగురు ఏమంటారో అని భయపడ్డాను, మా అమ్మ చెప్పిన దిష్టికి భయపడ్డాను. వాడికి లేని భయమంతా నాకే ఉంది. మీరు పర్మిట్ కోసం నోరు మూసుకున్నారు, నేను పేరు కోసం మూసుకున్నాను. నాకు మిమ్మల్ని క్షమించాలని లేదు. నన్ను క్షమించమని అడగడమూ లేదు.

మీరు పంపిన నాలుగో ఫారం ఇన్నాళ్లూ బీరువాలో తెల్లగా ఉంది. నింపి పంపుతున్నాను. గడుల్లో పట్టలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పేరు తనేశ్. వయసు పంతొమ్మిది దాటింది. వేగం పదికి ఆరు. అంతకంటే అక్కర్లేదు, ఎందుకంటే వాడు ఎప్పుడూ ఆలస్యంగా బయలుదేరడు.

బంతి లాక్కోవడం: మ్యాచ్‌కి రెండు. మీ లెక్క సరిగ్గానే ఉంది. ఆ ఆరు మ్యాచ్‌లూ మళ్లీ పెట్టి చూడండి. జయకుమార్ ఎడమ వెనక, తనేశ్ కుడి వెనక. ఎదుటి జట్టు తనేశ్ వైపు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మొదటి పది నిమిషాల్లో వస్తారు. తలెత్తి చూసేసరికి వాడు అక్కడే నిలబడి ఉంటాడు, దారి ఉండదు. రెండుమూడుసార్లు అయ్యాక మానేసి అటు జయకుమార్ మీదకు పోతారు. జయకుమార్‌కి తొమ్మిది వచ్చాయంటే ఇవతల తనేశ్ ఉన్నాడు కాబట్టే వచ్చాయి. సున్నా వచ్చిన మ్యాచ్ నేను చూసినవాటిలో వాడు ఆడిన అన్నిటికన్నా గొప్ప ఆట. ఆ రోజు వాడి వైపు ఎవరూ రాలేదు. ఆ రోజు నేను మడతకుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. ఇంటికొచ్చాక “బూట్లు తుడుసుకో” అన్నాను.

ఆట చదవడం: బంతి అవతలి చివర ఉన్నప్పుడు వాడి పాదాలు ఒక్క క్షణం ఆగవు. అడుగు ముందుకు, అర అడుగు పక్కకు. నలభై ఏళ్లలో అలాంటి కాళ్లు ఇంకెవరికీ చూడలేదు. నాకూ లేవు. నేను కొట్టేసిన నాలుగు వరసలు ఇవే.

లోపాలు: ఎవరేం చెప్పినా చేస్తాడు.

సిఫారసు: మొదటి రౌండు.

ధైర్యం గడి ఈసారి ఖాళీగా వదిలేస్తున్నాను. ఆటగాడితో సంబంధం: నా కూతురు మాలిని పెద్దకొడుకు. నా మనవడు.

పోస్టులో వేసే ముందు ఫారం పట్టుకుని వాడి మంచం పక్కన కూర్చున్నాను. వాడికి తెలుగు చదవడం రాదు. మొత్తం చదివి వినిపించాను, లోపాల గడితో సహా. మధ్యలో ఆపమనలేదు. గోడ వైపు చూస్తూ విన్నాడు. అయిపోయాక అడిగాడు.

“అప్పుడు ఆలకి పంపినాది ఇదేనా తాతా?”

ఇదే అన్నాను.

కాలు కింద దిండు సర్దుకున్నాడు. తర్వాత, “మరి ఆలు సదవలేదా?” అన్నాడు.

చదవలేదన్నాను. ఎప్పుడైనా మీకు ఎదురుపడి అడిగితే మీరూ ఆ మాటే చెప్పండి.

సింహాచలం